డేగకు తొలి చలికాలం

మా వీధి మొత్తానికి చచ్చిన ఎలుకల్ని ఫ్రీజర్‌లో దాచుకునే ఇల్లు ఒక్కటే. అది కోడిగుడ్డు కూడా ముట్టని వాళ్ళ ఇల్లు. మీనాక్షి గారు, ఆవిడ భర్త హరనాథ్ గారు అందులో ఉంటారు. ఆయన రిటైరైన పిల్లల డాక్టరు. పొద్దున్నే చెప్పుల కోసం గరాజ్‌లోకి వెళ్ళి, ఆ ఫ్రీజర్ వంక చూడకుండా తిరిగిరావడం ఆయనకి బాగా అలవాటైంది. ఆవిడ ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుగా ముప్పై ఏళ్ళు పనిచేసి, అరవైలో పడ్డాక డేగలతో వేటాడడం నేర్చుకున్నారు.

నేను పక్కింటి రేణుని. నాకు నోరెక్కువని అందరూ అంటారు. నిజమే. ఈ వ్యవహారంలో నోరు చేసుకోవాల్సిన చోట నేను నోరు చేసుకున్నాను, ఎవరూ వినలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

అమెరికాలో మా ఊరు రెడ్‌మండ్‌లో కొండ దిగి తూర్పుకి పోతే స్నోక్వాల్మీ నది లోయ వస్తుంది. అన్నీ పొలాలు, కంచెలు, ఆవులు. రిటైరయ్యాక మీనాక్షి గారు అక్కడికి వాకింగ్‌కి వెళ్ళేవారు. ఒకరోజు పొలం మధ్యలో ఒక ముసలి తెల్లాయన చెయ్యి చాపి ఈల వేస్తే, దూరంగా చెట్టు మీదున్న డేగ వచ్చి ఆయన తోలు తొడుగు మీద వాలింది. ఈవిడ దారిలోనే నిలబడిపోయారు. ఆయన పేరు గ్లెన్. వడ్రంగిపని చేసి మానేసిన మనిషి. "ఇది ఎవరైనా చెయ్యొచ్చా?" అని ఈవిడ అడిగితే, "ఎవరు పడితే వాళ్ళు చెయ్యకూడదు. అందుకే చట్టం ఉంది" అన్నాడట.

ఆ చట్టం చిన్నదేం కాదు. ముందు పరీక్ష రాయాలి. అనుభవం ఉన్నవాడొకడు స్పాన్సర్‌గా ఉండి రెండేళ్ళు వెంట తిప్పుకోవాలి. పక్షిని ఉంచే గదిని గవర్నమెంటు మనిషి వచ్చి చూసి ఒప్పుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు గూట్లోంచి పిల్లల్ని తియ్యకూడదు. పెద్ద పక్షిని పట్టకూడదు, పొరపాటున పడితే అక్కడికక్కడే వదిలెయ్యాలి. ఆ ఏడు పుట్టి, ఎగరడం వచ్చి, సొంతంగా తిరుగుతున్నదాన్నే పట్టాలి. అదీ ఒక్కదాన్నే. పట్టినదాన్ని అమ్మకూడదు. పరీక్ష అనేసరికి మీనాక్షి గారికి ఉత్సాహం వచ్చింది. మనవాళ్ళు పరీక్షలకి భయపడిందెప్పుడు? పుస్తకాలు తెప్పించుకుని, హైలైటర్ పట్టుకుని కూర్చుని, మొదటిసారే పాసయ్యారు.

హరనాథ్ గారికి మాత్రం మనసొప్పలేదు.

"హాయిగా తిరిగే పక్షిని పట్టి కట్టెయ్యడం పాపం కాదూ?" అన్నారు ఒకరోజు నా ముందే.

"హాయిగానా? ఈ ఏడు పుట్టిన డేగల్లో సగానికి పైగా వచ్చే వసంతం చూడవండీ. వేట సరిగ్గా చేతకాక, ఆకలికి, చలికి పోతాయి. చట్టం వాటినే పట్టుకోమంటోంది ఎందుకు? ఎలాగూ పోయేవి కనక. పెద్దవి గూళ్ళు పెట్టేవి కనక వాటి జోలికి పోవద్దంటోంది. నేను ఒక్కదాన్ని తెచ్చి, వేట నేర్పి, మొదటి చలికాలం దాటించి వదిలేస్తాను. అంతకంటే నాకేం వద్దు."

అంతకంటే ఆవిడ నిజంగానే ఏమీ కోరలేదు. ఒక్క పక్షి, ఒక్క చలికాలం. అది కూడా దక్కనివ్వలేదు మనవాళ్ళు.

సెప్టెంబర్‌లో పట్టారు. నేనూ వెళ్ళాను. ఉచ్చు చూస్తే నాకు నవ్వొచ్చింది. బోర్లించిన గంపలాంటి చిన్న వైరు బోను, లోపల బతికున్న తెల్లెలుక, బోను పైనంతా నైలాన్ దారంతో ముడివేసిన ఉచ్చులు. ఎలుక కోసం డేగ బోను మీదకి దిగుతుంది, కాలివేళ్ళు ఉచ్చులో బిగుసుకుంటాయి. ఎలుకకి ఏమీ కాదు. "దీన్ని బాల్ చత్రి అంటారు. మీ దేశంనుంచి వచ్చిందే" అన్నాడు గ్లెన్. బోనుకి ఒక రేకుబిళ్ళ వేలాడుతోంది. దాని మీద మీనాక్షి గారి పేరు, పర్మిట్ నంబరు. గ్లెన్ ఆవిడ చేత పాఠంలా అప్పచెప్పించే మాట ఒకటుంది. ఉచ్చు పెట్టాక కళ్ళు దాని మీదే ఉండాలి. పక్షి పడగానే వెళ్ళి పట్టుకోకపోతే అది కొట్టుకుని కొట్టుకుని కాళ్ళు విరగ్గొట్టుకుంటుంది. మిగతా రూల్సన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దనేవాడు.

పడినదాన్ని గుడ్డలో చుట్టి ముందు తోక చూశారు. గోధుమరంగు మీద అడ్డచారలు. ఈ జాతి డేగకి రెండో ఏడు వచ్చాకే తోక ఎర్రబడుతుంది. అంటే ఇది ఈ ఏటి పిల్లే. మీనాక్షి గారు దాని రొమ్మెముక తడిమి, "అయ్యో, కండే లేదు" అన్నారు. "సమయానికి దొరికింది" అన్నాడు గ్లెన్.

ఆవిడ దానికి పేరు పెట్టలేదు. పిల్ల అనేవారు. మొదట్లో అది ఆవిడ చేతి మీద ముక్క ముట్టలేదు, ఈవిడా అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత తినడం మొదలుపెట్టింది. తర్వాత తాడు కట్టి ఎగరేస్తే చేతి మీదకి రావడం మొదలుపెట్టింది. ఆవిడ ముంజేతుల నిండా గీతలు, మొహం నిండా సంతోషం. నాకు పక్షులంటే అసహ్యం, కానీ ఆ మొహం చూస్తే ముచ్చటేసేది.

ఇక నరసింహ సంగతి. మా వీధి చివరింట్లో ఉంటాడు. సిద్దిపేట అతను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. చెడ్డవాడైతే తిట్టేసి ఊరుకునేదాన్ని. మంచు పడితే అందరి వాకిళ్ళూ తనే ఎత్తిపోస్తాడు, పెద్దవాళ్ళని ఎయిర్‌పోర్ట్‌కి తనే డ్రైవ్ చేస్తాడు. పదేళ్ళకు పైగా గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూసి, ఎట్టకేలకు ఇంటర్వ్యూ తేదీ వచ్చిన ఆనందంలో ఆ ఏడు దసరా బాధ్యతంతా నెత్తిన వేసుకున్నాడు. పండక్కి ముందు ఆదివారం మీనాక్షి గారింట్లో కాఫీ తాగుతూ మొదలుపెట్టాడు.

"పాలపిట్టను చూడకుంటే దసరా ఎట్లయితది ఆంటీ? జమ్మి ఆకు సుత తెప్పించిన. పిట్ట ఒక్కటే లేదు. మన ఇండ్ల ఎనక నీలం పిట్టలు తిరుగుతయి గద, జే అంటరు. గది పాలపిట్ట లెక్కనే కొడ్తది. ఒకదాన్ని పడ్దం. అందరు మొక్కినంక ఇడిచిపెడ్దం."

"వద్దు నరసింహా. ఇక్కడ ఆ పిట్టని పట్టడమే నేరం."

"మీరు డేగనే పట్టిన్రు. నేను పిట్టను పట్టద్దా?"

"డేగకి పర్మిట్ ఇస్తారు. ఇలా పండక్కి చూపించుకోడానికి ఆ పిట్టకి ఎవరూ పర్మిట్ ఇవ్వరు. నవ్వులాట కాదు, చెప్పేది విను."

అతను నవ్వాడు. ఇమిగ్రేషన్ ఫారంలో ఒక స్పెల్లింగ్ తప్పు పోయిందేమోనని వారం రోజులు నిద్రపోని మనిషి, పెరట్లో పిట్టకి కూడా చట్టం ఉంటుందంటే నమ్మలేకపోయాడు. అతన్నొక్కణ్ణీ అనడమెందుకు, మనలో చాలామందికి చట్టం అంటే వీసా, టాక్సు. అంతవరకే.

మా వీధిలో తెలుగు ఇళ్ళన్నిటికీ ఒకరి గరాజ్ కోడ్ ఒకరికి తెలుసు. పార్సెల్ లోపల పెట్టడానికి, ఊరెళ్తే మొక్కలకి నీళ్ళు పోయడానికి, పది మందికి వండాలంటే పెద్ద గిన్నె తెచ్చుకోవడానికి. ముందు తీసుకోవడం, తర్వాత చెప్పడం. దసరా పొద్దున్న నరసింహ అలాగే కోడ్ నొక్కి, గిన్నె తీసుకున్నంత మామూలుగా ఉచ్చుల బోను తీసుకుపోయాడు. ఎలుకకి బదులు లోపల వేరుశనక్కాయలు పోసి, తన పెరట్లో గడ్డి మీద పెట్టాడు. కాసేపు కిటికీలోంచి చూశాడు. ఏదీ రాలేదు. ఆ రోజు తప్పనిసరిగా ఆఫీస్‌కి వెళ్ళాల్సిన రోజు. మధ్యాహ్నానికి వచ్చేద్దామనుకుని వెళ్ళిపోయాడు.

జే పిట్ట వచ్చింది. పడింది. అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపుకి చెట్లలోంచి ఒక పెద్ద డేగ దాని మీదకి దిగింది, దాని కాళ్ళూ ఉచ్చుల్లో ఇరుక్కున్నాయి. బోనుకి కట్టాల్సిన బరువు నరసింహ కట్టలేదు, కట్టాలని అతనికి తెలియదు. డేగ బోనుతో సహా లేచి, రెండు మూడు పెరళ్ళ మీదుగా పోయి, వీధి వెనకున్న ఉమ్మడి కంచె దాటలేక, తలకిందులుగా దానికి వేలాడింది. వెనక వీధిలో ఒకావిడ కిటికీలోంచి చూసి, వీడియో తీసి, వైల్డ్‌లైఫ్ వాళ్ళకి ఫోన్ చేసింది. వాళ్ళొచ్చేసరికి రెండు పక్షులూ చచ్చిపోయాయి.

ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. సాయంత్రం మేం పట్టుచీరలు కట్టుకుని క్లబ్‌హౌస్‌కి బయల్దేరుతుంటే ఆఫీసర్ వచ్చాడు. చేతిలో బోను, దానికి రేకుబిళ్ళ.

"ఇది మీదేనా?"

మీనాక్షి గారు దాన్ని అందుకున్నారు. ఒక ఉచ్చులో నీలంరంగు ఈక చిక్కుకుని ఉంది. ఆవిడకి అంతా అక్కడే అర్థమైపోయిందని నాకు తెలుస్తూనే ఉంది.

"నాదే."

"ఇవాళ పెట్టింది మీరేనా?"

"రేపు వచ్చి మాట్లాడతాను" అన్నారు. అతను మర్యాదస్తుడు, సరేనన్నాడు. వెళ్ళబోతుంటే ఈవిడ ఒక్కటే అడిగారు. "ఆ డేగ తోక ఏ రంగు?"

"ఎర్రగా ఉంది. చాలా చలికాలాలు చూసిన పక్షి."

ఆవిడ కొత్త చీరతో మెట్ల మీద కూలబడ్డారు. చట్టం దేని జోలికి పోవద్దందో, అదే పోయింది. అదీ ఆవిడ పేరున్న ఉచ్చులో.

మేం దసరాకి వెళ్ళలేదు. నరసింహే వచ్చాడు, మొహం పాలిపోయి. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు.

"తప్పయింది ఆంటీ. గిట్లయితదని అనుకోలే. వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంది. ఇప్పుడు నా పేరు మీద కేస్ అయితే అంతా పోతది. పిల్లల సంగతేంది? మీరు సిటిజన్, మీకు ఫైన్ వేసి ఇడిచిపెడ్తరు. జర దయ చూపుండ్రి."

కేసు పడితే కార్డ్ నిజంగా పోతుందో లేదో ఎవరికీ తెలియదు. లాయర్‌ని అడుగుదామన్నాను. అడిగేలోపు వీధిలో సగం మంది ఫోన్లు చేశారు. అందరిదీ ఒకే పాట. మీరైతే ఏం కాదు ఆంటీ, పాపం వాళ్ళకి చిన్నపిల్లలు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికెళ్ళన్నీ తెచ్చి ఆవిడ ఒళ్ళోనే పోశారు. నేను ఊరుకోలేదు.

"అడుసు తొక్కింది ఇతను, కాళ్ళు కడుక్కోవాల్సింది మీరా? నిజం చెప్పండి మీనాక్షి గారూ. పర్మిట్ పోతే మీ పిల్ల ఏమవుతుంది?"

హరనాథ్ గారు అడ్డొచ్చారు. "రేణూ, అది పక్షే కదమ్మా. ఇది ఒక సంసారం" అన్నారు.

మీనాక్షి గారు ఆయన వంక చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కోపం లేదు అందులో. ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషికి తను ఏం చేస్తోందో తెలియలేదన్న దిగులు.

మర్నాడు వెళ్ళి ఆవిడ చెప్పింది ఒక్క మాటే. "ఉచ్చు నాది. దానికి జవాబుదారీ నాదే." అందులో అబద్ధమేమీ లేదు. ఇంకెన్ని అడిగినా ఇంకేమీ చెప్పలేదు.

గ్లెన్ ఇంటికొచ్చి అరిచాడు. "నువ్వు పెట్టలేదని నాకు తెలుసు. కన్ను తిప్పే మనిషివి కాదు నువ్వు. ఎవరు పెట్టారో చెప్పు, నీ పక్కన నిలబడతాను." ఆవిడ చెప్పలేదు. "అయితే నిలబడలేను" అన్నాడు. అతని తప్పూ లేదు. వీడియో ఊరంతా తిరిగింది. డేగల వేటే నిషేధించాలన్నవాళ్ళతో జీవితమంతా వాదించిన మనిషి అతను. స్పాన్సర్‌గా తప్పుకున్నాడు. ఫైన్ పడింది, పర్మిట్ రద్దయింది. పిల్లని పర్మిట్ ఉన్న ఇంకొకరికి ఇవ్వాలి, లేదా వదిలెయ్యాలి. ఆవిడ తెలిసిన వాళ్ళందరినీ అడిగారు. ఈ ఏటి పక్షిని అప్పటికే అందరూ పట్టేసుకున్నారు. పొలంలో దొరికేదాన్ని ఒకరి చేతి నుంచి, అందులోనూ ఆ వీడియో మనిషి చేతి నుంచి, ఎవరు తీసుకుంటారు?

పిల్ల అప్పటికి ఒక్క కుందేలుని కొట్టింది. అంతే. నేర్వాల్సింది ఇంకా చాలా ఉంది.

వదలడానికి ముందు దాన్ని బాగా మేపాలట. వేటపక్షిని మనిషి దగ్గరికి రప్పించేది ప్రేమ కాదు, ఆకలి. కడుపు నిండితే రాదు. ఆ చివరి వారం ఫ్రీజర్‌లోంచి ఎలుకల్ని తీసి, వేడినీళ్ళలో వేసి కరిగించింది హరనాథ్ గారు. పట్టకారుతో, మొహం పక్కకి తిప్పుకుని. భార్యకి క్షమాపణ చెప్పడం చేతకాక అలా చేశారని నేననుకుంటాను. ఆవిడ ఆయన ఇచ్చిన పళ్ళెం అందుకునేవారు.

నవంబర్ మధ్యలో లోయకి తీసుకెళ్ళాం. కాళ్ళకున్న తోలుపట్టీలు కోసేశారు. పిల్ల ఆవిడ చేతి మీద కాసేపు కూర్చుని, రెక్కలు దులుపుకుని, పొలం చివర చెట్టు దాకా ఎగిరి, అక్కడినుంచి ఇంకా దూరం పోయింది. ఒక్కసారీ తిరిగి చూడలేదు.

"విశ్వాసం లేని జాతి" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

"తిరిగి చూడకూడదనే కదా రేణూ, మేపింది."

డిసెంబర్‌లో వానలు పట్టుకుని నది పొంగింది. లోయంతా నీళ్ళు. పొలాల్లో కంచె కొసలు మాత్రం కనిపించేవి. టీవీలో ఆవుల్ని పడవలతో తోలుకుపోతుంటే మేం అవే చూశాం. ఆవిడ మాత్రం, "పొలం ఎలుకలన్నీ మునిగిపోయుంటాయి" అన్నారు. నీళ్ళు తీశాక ప్రతి ఆదివారం నా కారులో ఆ రోడ్డు వెంబడి తిరిగేవాళ్ళం. నేను డ్రైవ్ చేసేదాన్ని, ఆవిడ ప్రతి స్తంభం మీదా, ప్రతి కంచె మీదా వెతికేవారు.

జనవరిలో నరసింహకి గ్రీన్ కార్డ్ వచ్చింది. సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాడు. దాచిపెట్టి తెచ్చుకున్నదానికి సత్యదేవుడి పూజేమిటని నేను రానన్నాను. ఆవిడే లాక్కెళ్ళారు. నరసింహ, భార్య శశికళ జంటగా వంగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టారు. "మీ దయనే ఆంటీ" అన్నాడు. ఆవిడ ఇద్దరి తలల మీదా అక్షింతలు వేసి, పిల్లల్ని బాగా చదివించమన్నారు. హరనాథ్ గారు తలుపు దగ్గర నిలబడి చూసి, బయటికి వెళ్ళిపోయారు.

భోజనాలయ్యాక ఆదివారం కదా అని మామూలుగానే లోయకి పోయాం. చలి కొరికేస్తోంది. రోడ్డు మలుపులో ఆవిడ "ఆపు" అన్నారు.

కంచె గుంజ కింద, ఎండిన బురదలో, గోధుమరంగు తోక. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకెత్తుకుని గట్టు దిగారు. నేను వెనకే వెళ్ళాను. పక్షి వెల్లకిలా పడి ఉంది. రొమ్మెముక చర్మంలోంచి కత్తిలా పొడుచుకొచ్చి ఉంది. కండ అన్నది లేదు. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

"అన్నీ ఒకలాగే ఉంటాయి కదండీ. ఇదేనని ఏముంది?"

"నా చేతి మీద కూర్చున్న పిల్ల, నాకు తెలియదా?"

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నారంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. నరసింహ మీద, వీధి మీద, గ్లెన్ మీద, ఈవిడ మంచితనం మీద. ఒకటైనా ఇంటికి తెచ్చుకోనీ అనిపించి, పక్కన రాలిపడ్డ తోక ఈక తీసి ఆవిడకి అందించాను.

"కింద పెట్టు రేణూ."

"ఒక్క ఈకే కదండీ."

"పర్మిట్ లేని మనిషి డేగ ఈక కూడా దగ్గర ఉంచుకోకూడదు. రాలిందైనా సరే."

"ఇక్కడ ఎవరు చూస్తారు మీనాక్షి గారూ? మనిద్దరమే ఉన్నాం."

ఆవిడ తలెత్తి నా వంక చూశారు.

"నరసింహ కూడా అలాగే అనుకునుంటాడు" అన్నారు.

నేను ఈకని దాని పక్కనే పెట్టేశాను.